తెలుగు టీచరమ్మ చెప్పిన కంప్యూటర్ పాఠం

వెంకటేశ్వరమ్మ టీచరు పుట్టింది రాయచోటిలో. తెలుగు పండితురాలిగా ఉద్యోగం వచ్చింది మాత్రం పత్తికొండ వైపు. బదిలీల్లో సొంతూరి దగ్గరికి పోయే వీలు ఒకటి రెండుసార్లు వచ్చినా ఆమె పోలేదు. ఎందుకని అడిగితే, "ఈడ పిల్లోళ్ళు పద్యం గొంతెత్తి పాడతారప్పా. నాకు ఇంకేం కావల్ల?" అనేది. భర్త పుల్లయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయినాడు. పత్తికొండలో చిన్న అద్దె ఇంట్లో ఇద్దరూ ఉండేవాళ్ళు. పొద్దున్నే ఆయన జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆ పూట చెప్పాల్సిన పద్యాన్ని గొణుక్కునేది.

రిటైర్‌మెంటు దగ్గరపడిన రోజుల్లో ఆమె నల్లబండ హైస్కూల్లో ఉండేది. పత్తికొండ నుంచి పోయే బస్సుకు చివరి స్టాపు ఆ ఊరు. ఆ ఏడాది బడికి కంప్యూటర్లు వచ్చాయి. వాటిని చూసుకోవాల్సిన లెక్కల టీచరు ప్రసూతి సెలవు మీద పోయింది. ఎవరో ఒకరు కర్నూలుకు పోయి ట్రైనింగ్ తీసుకుని, తొమ్మిదో తరగతికి ప్రోగ్రాములు రాయడం నేర్పాలని పైనుంచి ఆర్డరొచ్చింది. హెడ్మాస్టర్ వసంతకుమార్ స్టాఫ్ రూములో మాట ఎత్తగానే ఒకరికి నడుము నొప్పి గుర్తొచ్చింది, ఇంకొకరికి ఇంట్లో పెళ్ళి గుర్తొచ్చింది. వెంకటేశ్వరమ్మ ఆ సమయానికి వేపచెట్టు కింద పిల్లలతో పద్యాలు పాడిస్తోంది. అక్కడ లేని మనిషి కాబట్టి ఆమె పేరే ఖాయమైపోయింది.

"నన్నా? ఫోన్లో ఫోటో పంపడానికే మా ఆయన్ను పిలుస్తా సార్ నేను," అంది ఆమె.

"పోయి కూర్చోండి మేడం. వచ్చినంత వస్తుంది," అన్నాడు వసంతకుమార్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

కర్నూలులో ట్రైనింగ్ ఒక కాలేజీ హాల్లో. వచ్చినవాళ్ళంతా ఆమె కన్నా చిన్నవాళ్ళు. చెప్పేవాడు అవినాష్ అని ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు, మంచివాడే గానీ మాట సగం ఇంగ్లీషు, మిగతా సగం పరుగు. మొదటి పూటంతా ఆమెకు ఏమీ ఎక్కలేదు. తెర మీద అక్షరాలు వస్తున్నాయి, పోతున్నాయి. మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచి, సాయంత్రం బస్సుకే ఇంటికి పోయి ఈ పని నా వల్ల కాదని హెడ్మాస్టరుకు చెప్పేద్దామనుకుంది.

తిన్న తర్వాత అవినాష్ బోర్డు మీద 'ఇఫ్' అని రాసి, ప్రోగ్రాముకు ఇది గుండెకాయ అన్నాడు. వెంకటేశ్వరమ్మ చెయ్యెత్తింది.

"నాయనా, ఆ మాటకు తెలుగులో ఏమంటారు?"

అవినాష్ కొంచెం తడుముకున్నాడు. "తెలుగులో... 'అయితే' అనుకోండి మేడం. ఫలానాది జరిగితే ఈ పని చెయ్యి. లేకపోతే ఆ పని చెయ్యి. అంతే. కంప్యూటరు సొంతంగా ఏమీ ఆలోచించదు. మనం పెట్టిన షరతు నిజమా కాదా అని మాత్రం చూస్తుంది. నిజమైతే ఒక దారి, కాకపోతే ఇంకో దారి."

"వస్తే, పడితే, చేస్తే. అంటే ఇది చేదర్థకం!"

హాల్లో నవ్వులు వినపడ్డాయి. అవినాష్ మాత్రం నవ్వలేదు. "ఆ పేరు టెన్త్‌లో విన్నట్టుంది మేడం. మర్చిపోయినా. ఒకసారి చెప్పరా?" అని మార్కర్ ఆమె చేతికిచ్చాడు.

ఆమె లేచి బోర్డు దగ్గరికి పోయింది. వాన పడితే విత్తనం వేస్తారు అని రాసి, 'పడితే' కింద గీత గీసింది. ఈ 'తే' ఉన్న మాట షరతు, వెనక వచ్చేది పని. షరతు తీరితేనే పని జరుగుతుంది. ఇంటర్ పిల్లలకు చెప్పినట్టు కాదు, ఆరో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత అవినాష్ ఏ కొత్త సంగతి చెప్పినా ఆమె వైపు చూసి, "దీన్ని మన భాషలో ఏమందాం మేడం?" అని అడగడం మొదలుపెట్టాడు. కొన్నింటికి ఆమెకూ తెలియలేదు. తెలియనివి ఇద్దరూ కలిసి వెతుక్కున్నారు.

బడికి తిరిగొచ్చాక, సాయంత్రం బెల్లు కొట్టిన తర్వాత ఆఖరి బస్సు వచ్చేదాకా ఆమె ల్యాబులోనే కూర్చునేది. ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి కొట్టేది. ప్రతిసారీ ఎర్ర అక్షరాలతో తప్పు తప్పు అని వచ్చేది. ఒకరోజు షరతు చివర రెండు చుక్కలు పెట్టలేదని వచ్చింది. ఇంకోరోజు చుక్కలు పెట్టినా రాలేదు. చూస్తే సమానం గుర్తు రెండుసార్లు పెట్టాల్సిన చోట ఒక్కటే పెట్టింది. చివరికి తెర మీద 'అన్నం తిన్నావా?' అని ప్రశ్న వచ్చి, ఆమె 'అవును' అని కొడితే 'అయితే చదువుకో' అని జవాబు వచ్చిన సాయంత్రం, ఎదురుగా ఎవరూ లేకపోయినా చప్పట్లు కొట్టింది. ఆ సంతోషంలో బస్సు పోయింది. పుల్లయ్య స్కూటర్ వేసుకుని వచ్చి తీసుకుపోవాల్సి వచ్చింది.

తరగతిలో పాఠం మాత్రం ఆమె తన పద్ధతిలోనే చెప్పింది. మొదట కంప్యూటర్లు ఆన్ చేయనివ్వలేదు.

"రంగడు వచ్చినాడు అంటే ఏమిరా?"

"చెప్పడం మేడం."

"రంగడు వచ్చినాడా అంటే?"

"అడగడం."

"ఆ ఒక్క దీర్ఘంతోనే మాట ప్రశ్న అయిపోయె, చూసినారా? కంప్యూటరుకు దీర్ఘం తెలియదు. సమానం గుర్తు ఒకటి పెడితే చెప్తాన్నావు అనుకుంటాది. పక్కపక్కన రెండు పెడితే అడుగుతాన్నావు అనుకుంటాది. షరతు అంటే అడగడం. కాబట్టి రెండు."

తర్వాత లోపలికి జరిపి రాయడం చెప్పింది. షరతు కింద, మార్జిన్ నుంచి కొంచెం లోపలికి జరిగి ఉన్న వాక్యాలన్నీ ఆ 'తే'కు కట్టుబడినవి. షరతు నిజమైతేనే జరుగుతాయి. మళ్ళీ మార్జిన్ దగ్గరికి వచ్చి రాసిన వాక్యానికి షరతుతో పనిలేదు. "వాన పడినా, పడకపోయినా పొద్దు పొడుస్తాది. అప్యర్థకం. అట్లాటి మాటను లోపల పెట్టొద్దు. బయట మార్జిన్లో పెట్టండి."

పిల్లలు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళు. తలా ఒక 'తే... లేకపోతే' వాక్యం తమ ఇంటి నుంచే తెచ్చి ప్రోగ్రాము చేయాలని ఆమె చెప్పింది. కరెంటు వస్తే మోటారు వేస్తాం, లేకపోతే పండుకుంటాం అని ఒకడు రాశాడు. అవ్వ కోపంగా ఉంటే పెద్దమ్మ వాళ్ళింటికి పోతా, లేకపోతే మా ఇంటికి పోతా అని ఒక పిల్ల రాసింది. పరమేష్ అనేవాడు మార్కులు చెప్పే ప్రోగ్రాము రాశాడు. ముప్పై అయిదు దాటితే పాస్, తొంభై దాటితే క్లాస్ ఫస్ట్.

"మేడం, వంద కొట్టినా పాస్ అనే అంటాండాది ఇది. క్లాస్ ఫస్ట్ అనడంలే," అని వాడు గోల పెట్టాడు.

ఆమెకూ అర్థం కాలేదు. పిల్లల ముందే అవినాష్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. "పైనుంచి కిందికి గట్టిగా చదివించండి మేడం. కంప్యూటరు చదివినట్టు. మొదట నిజమైన దగ్గరే ఆగిపోతుంది," అన్నాడు అతను. పరమేష్ చదివాడు. వంద ముప్పై అయిదు దాటిందా? దాటింది. పాస్. అక్కడితో అయిపోయింది, తొంభై దాకా పోనే లేదు. "ఓహో, పెద్దది ముందడగల్ల!" అని వాడే కేక పెట్టాడు.

శివజ్యోతి చివరి వరుసలో కూర్చునే పిల్ల. తండ్రి ఓబులేష్, తల్లి సుంకమ్మ, ఒక చిన్న తమ్ముడు. వాళ్ళకు ఊరికి ఆనుకుని కొంచెం మెట్ట చేను ఉంది, పత్తి వేస్తారు. వానలు తప్పితే ఆ పక్క పల్లెల్లో చాలా ఇళ్ళలాగే వాళ్ళూ సుగ్గికి పోతారు. సుగ్గి అంటే గుంటూరు వైపు మిరప కోతలు. దీపావళి దాటాక ఇళ్ళకు తాళాలు వేసి, వంట సామాను, గుడిసె మీద కప్పే పట్టలు, చిన్నపిల్లలతో సహా లారీలెక్కి పోయి, ఎండలు ముదిరేటప్పుడు తిరిగొస్తారు. ఆ నెలల్లో నల్లబండ బడిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. శివజ్యోతి పద్యం బాగా చెప్తుంది గానీ అలా పోయిన ప్రతి ఏడాదీ సగం పాఠాలు ఆమెకు అందేవి కావు.

ఆ పిల్ల ప్రోగ్రాము చూడటానికి వెంకటేశ్వరమ్మ ఆమె వెనక వచ్చి నిలబడింది. శివజ్యోతి నడిపించి చూపింది. తెర 'వాన పడిందా?' అని అడిగింది. 'అవును' అని కొట్టింది. 'పత్తి పండుతుంది. ఊర్లోనే ఉంటాం. నేను బడికి పోతా' అని మూడు వాక్యాలు వచ్చాయి. మళ్ళీ నడిపించి ఈసారి 'లేదు' అని కొట్టింది. 'సుగ్గికి పోతాం. నేను చిన్నోన్ని చూసుకుంటా' అని వచ్చింది.

టీచరు వంగి వాక్యాలు చదివింది. "శానా బాగా రాసినావు పాపా. ఒక్క చిన్న తప్పు ఉండాది. బడికి పోతా అనేది షరతు లోపల పెట్టినావు. దాన్ని బయటికి తీసి మార్జిన్లో పెట్టు. వాన పడినా, పడకపోయినా బడి ఉంటాది గదా?"

శివజ్యోతి తెర వైపే చూస్తూ, "తప్పు కాదు మేడం," అంది. "అట్లే రాసినా. మాకు అట్లే ఉండాది."

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, ఫిర్యాదు లేదు. పరమేష్ మార్కుల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. బెంచీలు ఖాళీ అవడం వెంకటేశ్వరమ్మ తన ఉద్యోగమంతా చూసింది. మొదట్లో బాధపడేది. తర్వాత తర్వాత అది ఎండాకాలం వచ్చినట్టు, గాలి తిరిగినట్టు దానంతటది జరిగే సంగతిగా అలవాటైపోయింది. ఇప్పుడు ఈ పిల్ల నోటివెంట వింటుంటే, ఇన్నేళ్ళూ ఆ వాక్యాన్ని తాను కూడా వాన షరతు లోపలే పెట్టుకుని బతికినట్టు అనిపించింది.

"అయితే సరిగ్గానే రాసినావు," అంది మెల్లగా. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి ముందుకు పోయింది. ఆ రోజు ఇంటికి పోయాక అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది గానీ తినలేదు. పుల్లయ్య రెండుసార్లు అడిగితే చెప్పింది.

"అయితే పోయి మాట్లాడు," అన్నాడాయన. "మాట్లాడకుండా ఈడ కూర్చుని ఆలోచిస్తే ఏమొస్తాది?"

ఆ ఏడాది వాన మొదట్లో మురిపించి తర్వాత మొగం చాటేసింది. పత్తి మోకాలెత్తు కూడా లేవలేదు. దసరా దాటాక ఒక ఆదివారం పొద్దున పుల్లయ్య స్కూటర్ మీద ఇద్దరూ నల్లబండకు పోయారు. ఓబులేష్ ఇంటి ముందు పట్ట పరిచి చిల్లులకు అతుకులేస్తున్నాడు. టీచరును చూసి గబగబా లేచి, తువ్వాలుతో మంచం దులిపాడు.

"రాండి టీచరమ్మా. సార్, కూర్చోండి. పాప ఏమన్నా చేసిందా?"

"ఏమీ చేయలేదప్పా ఓబులేషూ. బాగా చదువుతాండాది. అది చెప్పడానికే వచ్చినాం. ఈ ఏడు పాపను సుగ్గికి తీసుకుపోవద్దు."

ఓబులేష్ సూదిని పట్టకు గుచ్చి పక్కన పెట్టాడు. "నాకు మాత్రం ఇష్టమా టీచరమ్మా. వానొస్తే యాడికీ పోము. మీరే చూస్తాండారు గదా చేను."

"పాపను మా ఇంట్లో పెట్టుకుంటాం. నాతోపాటే బస్సులో బడికి వస్తాది."

"హాస్టలు ఉండాదని కూడా ఆఫీసరోళ్ళు చెప్పినారు పోయినేడు. పాప తిండికో, నిద్రకో కాదు నేను వెనకాడేది." గడపలో ఆడుకుంటున్న చిన్న పిల్లవాణ్ణి చూపించాడు. "వీడు ఉండాడు. మేమిద్దరం మిరపచేలో దిగితే పొద్దు గూకేదాకా తలెత్తం. వీన్ని ఎవురు చూస్తారు? పోయిన సారి ఒకసారి కాలవ గట్టు దాకా పోయినాడు. పాప పరిగెత్తి పట్టుకోబట్టి సరిపోయె."

వెంకటేశ్వరమ్మకు అప్పుడు తెలిసింది, తాను తప్పు ప్రశ్న పట్టుకుని వచ్చానని. ఇంతకాలం వానే అనుకుంది. వాన వలసకు కారణం. శివజ్యోతి బడి ఆగిపోవడానికి కారణం మాత్రం ఈ మూడేళ్ళ పిల్లవాడు. అడగాల్సింది వాడి సంగతి.

"వాణ్ణి కూడా పంపప్పా," అన్నాడు పుల్లయ్య ఉన్నట్టుండి. "నేను ఇంట్లో ఖాళీగానే ఉండా. చూసుకుంటా."

ఓబులేష్ చేతులు జోడించాడు. "మీరు దేవుళ్ళ మాదిరి మాట్లాడతాండారు సార్. కానీ చంటోన్ని వదిలి తల్లి ఎట్ల ఉంటాది?"

అప్పుడు అందరూ సుంకమ్మ వైపు చూశారు. ఆమె అంతసేపూ గుంజకు ఆనుకుని వింటూ ఉంది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి టీచరు కూడా ఆమెను ఒక్క మాట అడగలేదు.

"నువ్వేమంటావమ్మా సుంకమ్మా?"

సుంకమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "నేను పోను," అంది. "నేను, పిల్లోళ్ళు ఈడనే ఉంటాం. ఆయన పోనీ."

"నువ్వు పోకుంటే ఎట్ల? జతగా పోతేనే గదా కూలీల మేస్త్రీ పిలిచేది?" అన్నాడు ఓబులేష్.

"మీ యన్న బొజ్జన్న ఉండాడు. ఆయన పెండ్లానికి కాళ్ళనొప్పులు, ఈ ఏడు పోలేనంటాంది. అన్నదమ్ములు ఇద్దరూ జతగా పోండి. పత్తికొండ మార్కెట్లో టమోటాలు ఏరే పని ఉంటాది. పొద్దున పోయి మధ్యాహ్నానికి వస్తా. ఆ కాసేపు చిన్నోన్ని బొజ్జన్న పెండ్లాం, ఆ యక్క చూస్తాది." ఆగి, మళ్ళీ అంది. "పోయినేడే అనుకున్నా ఈ మాట. ఎవురూ అడగలే, నేనూ చెప్పలే."

ఓబులేష్ వెంటనే ఒప్పుకోలేదు. ఇద్దరూ కాసేపు టీచరు అక్కడున్నదే మరిచిపోయి వాదులాడుకున్నారు. ఆడది ఒంటరిగా ఉంటే ఎట్ల అని ఆయన, ఊరు నిండా మనుషులుంటే ఒంటరి ఎట్ల అవుతా అని ఆమె. శివజ్యోతి నీళ్ళ చెంబు పట్టుకుని మధ్యలో నిలబడిపోయింది. చివరికి ఓబులేష్ పట్ట మడిచి గోడకు ఆనించి, "సరే. అన్నతో మాట్లాడి చూస్తా," అన్నాడు. అంతకు మించి ఆ పూట ఏమీ తేలలేదు.

దీపావళి తర్వాత లారీలు కదిలాయి. వెంకటేశ్వరమ్మ ఆ వారమంతా హాజరు పిలిచేటప్పుడు శివజ్యోతి పేరు దగ్గర గొంతు తగ్గించేది. ప్రతిరోజూ చివరి వరుస నుంచి 'ప్రెజెంట్ మేడం' అని వచ్చింది. ఓబులేష్, బొజ్జన్న కలిసి పోయారని సుంకమ్మ మార్కెట్ దగ్గర కనపడినప్పుడు చెప్పింది.

అంతా సుఖంగా ఏమీ జరగలేదు. సంక్రాంతి దాటాక టమోటా ధర పడిపోయి రైతులు మార్కెట్‌కు సరుకు తేవడమే మానుకున్నారు. సుంకమ్మకు పని పోయింది. కొన్ని రోజులు ఆమె శనగ చేలల్లోకి కూలికి పోయింది. పొద్దుపోయి వచ్చేది. కాళ్ళనొప్పులతో బొజ్జన్న భార్య పొద్దంతా పిల్లవాడి వెంట తిరగలేకపోయింది. ఆ రోజుల్లో శివజ్యోతి తమ్ముణ్ణి చంకనేసుకుని బడికి వచ్చింది. హెడ్మాస్టర్ వసంతకుమార్ మొదటిరోజు మొగం చిట్లించాడు. రెండో రోజు తానే పిల్లవాడికి బిస్కెట్ ప్యాకెట్ తెచ్చిచ్చాడు. వాడు ల్యాబులో కీబోర్డు మీద రెండు చేతులా బాదితే తెర నిండా అక్షరాలు పరుచుకునేవి. పిల్లలు విరగబడి నవ్వేవాళ్ళు.

సుంకమ్మను చూసి ఇంకో రెండిళ్ళ ఆడవాళ్ళు మరుసటి ఏడు ఊర్లోనే ఉండిపోయారు. మిగతా ఇళ్ళకు తాళాలు పడుతూనే ఉన్నాయి. లక్ష్మీప్రియ అని, బాగా చదివే పిల్ల ఒకతి గుంటూరు నుంచి తిరిగి రానే లేదు. అక్కడే ఏదో షెడ్డులో పనికి చేరిందన్నారు. వెంకటేశ్వరమ్మ వాళ్ళ నాన్నకు ఎన్నోసార్లు ఫోన్ చేసింది. ఒకసారి ఎత్తాడు, చూస్తాం మేడం అన్నాడు. అంతే.

శివజ్యోతి పదో తరగతిలో ఉండగా వెంకటేశ్వరమ్మ రిటైరయింది. సన్మానం రోజు శాలువా కప్పి, పిల్లలు పద్యాలు పాడారు. కర్నూలు నుంచి అవినాష్ కూడా వచ్చాడు. తన ట్రైనింగులో ఇప్పుడు 'ఇఫ్'ను 'తే' అనే చెబుతున్నానని మైకులో అంటే అందరూ నవ్వారు. రాయచోటికి పోతారా అని ఎవరో అడిగారు. పుల్లయ్య, "ఈమె పోదు. నేను అడగడం మానేసినా," అన్నాడు.

పదో తరగతి పాసై శివజ్యోతి కర్నూల్లో పాలిటెక్నిక్‌లో చేరింది. హాస్టల్లో దించడానికి తల్లీ కూతురూ పత్తికొండలో బస్సు మారాల్సి వచ్చింది. వెంకటేశ్వరమ్మ బస్టాండుకు పోయింది. ఓబులేష్ చేని పనిలో ఉండి రాలేదని సుంకమ్మ చెప్పింది. పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు, ఒకటో తరగతికి పోతున్నాడు. ఆ రోజు బడి ఎగ్గొట్టి అక్కతో వచ్చి, బస్సు కిటికీ పక్క సీటు నాదంటే నాదని గొడవ పెట్టుకున్నాడు.

"ఆడ కంప్యూటర్లు శానా ఉంటాయంట మేడం. ఒక్కొక్కరికి ఒకటంట," అంది శివజ్యోతి.

"భయమేస్తాందా?"

"కొంచెం."

"నాకూ వేసింది కర్నూలు పోయినప్పుడు. మధ్యాహ్నం దాకా ఉండి చూడు," అంది వెంకటేశ్వరమ్మ. బస్సు కదిలేటప్పుడు పుల్లయ్య కాల్చిన రొట్టెల మూట కిటికీలోంచి అందించింది. ఆ తర్వాత ఎండ ముదురుతోందని గొడుగు తెరుచుకుని, కూరగాయలు కొనడానికి మార్కెట్ వైపు నడిచింది.